గడియ మీద కాపలా

“దొంగ ఏ వైపు నుంచి వస్తాడని మీ అనుమానం, అని అడిగాడు వదినా ఆ అలారాల షాపాయన. ఏం చెప్పమంటారు? దొంగ బయటినుంచి రాదు బాబూ, తల దువ్వుకుని మీ ఎదురుగానే నిలబడి ఉంది, అని చెప్పనా?”

అంటూనే పెద్దమ్మాయి కత్తెత్తి మొద్దు మీద వేసింది. మేక తొడ కీలు దగ్గర రెండుగా విడిపోయింది. ఒక్క ఎముక ముక్క ఎగరలేదు.

“మరేం చెప్పావు?” అన్నాను, మాంసం కోసం సంచీ పట్టుకుని నిలబడి.

“కిటికీలోంచి అన్నాను. కిటికీలన్నీ లెక్కేసుకుని, మా మనిషి వచ్చి బిగిస్తాడన్నాడు. ఏ మనిషీ వద్దు, నేనే బిగించుకుంటానన్నాను. మా ఇంట్లో ఎవర్ని ఎవరినుంచి కాపాడాలో పరాయివాడికి విప్పి చెప్పుకోవాలా?”

యాభై దాటినా వీధందరికీ ఆవిడ పెద్దమ్మాయే. తండ్రి ఉన్నప్పటి పిలుపు అది. ఆయన పోయాక మాంసం కొట్టూ, కత్తులూ, కోపమూ అన్నీ ఈవిడకే వచ్చాయి. చెల్లెలు, అందరూ చిన్నది అంటారు, కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. తల్లిలేని ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది పెద్దమ్మాయే. జ్వరం వస్తే తెల్లవార్లూ తడిగుడ్డ మార్చిన చెయ్యి, ఒకనాడు చెంప మీద పడేసరికి చిన్నదాని ఎడమ చెవి కర్ణభేరి పగిలింది. అప్పట్నించీ చిన్నది ఎవరు మాట్లాడినా తల కాస్త తిప్పి, కుడి చెవితో వింటుంది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, మొన్నటిదాకా.

“పాలు పొంగిపోయాయి వదినా. అంతే.” మొద్దు కడుగుతూ చెప్పింది. “స్టవ్ మీద పెట్టి ఫోన్ చూసుకుంటోంది. అరిచాను. తుడుస్తాలే, అంది. నా తలలో ఏదో గుయ్యిమంది. ఆ తర్వాత గుర్తున్నది స్టూలు. గోడకి కొట్టుకుని కింద పడింది. స్టూలుకీ గోడకీ మధ్య దాని మోచెయ్యి ఉంది. ఈ మేకకి కీలెక్కడుందో వేలితో వెతికి మరీ కత్తి పెడతాను కదా. దానికి ఏమీ వెతకలేదు. ఎముక రెండు చోట్ల విరిగింది.”

ఆ మాటకి ఓదార్పు లేదు. ఓదార్చాలని నాకూ అనిపించలేదు.

కట్టు కట్టిన చేతితో చిన్నది, తనతో పనిచేసే ఒకామె గదికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకటే చెప్పిందట: “మారానని మాత్రం చెప్పకు. ఈసారి తప్పించుకోవడానికి నాకు దారుందని చూపించు. అప్పుడు ఆలోచిస్తా.”

ఆ దారి కోసమే ఈ అలారం.

మొదట కొన్నది సైరన్ ఉన్నది. బిగిస్తుంటే పొరపాటున మోగింది. ఆపడం తెలియక, దాన్ని కొట్టుకి తెచ్చి, మొద్దు మీద పెట్టి ఒక్క వేటుకి రెండు చేసింది. “చెయ్యి జారి పడిందని చెప్పాను షాపాయనకి. అంత తిన్నగా పగిలేలా ఎలా పడిందమ్మా, అన్నాడు. ఆ గోల వింటే నాకు ఇంకా పిచ్చెక్కుతుంది వదినా. పైగా చిన్నది మంచి చెవి మీద పడుకుందంటే సైరనూ వినపడదు దానికి.” రెండోది కంపెనీవాళ్ళు దూరంగా కూర్చుని కాపలా కాసే రకం. అలారం వస్తే వాళ్ళు ఫోన్ చేసి, అంతా క్షేమమేనా, మీ రహస్యపదం చెప్పండి అంటారు. “చెప్పేస్తాను. కోపంలో నా గొంతు ఎంత మెత్తగా ఉంటుందో మీకు తెలీదు. క్షేమమే బాబూ అంటాను, తేనె పూసినట్టు.”

మూడోదే నచ్చింది. సామానంతా డబ్బాలో వస్తుంది, అంటించుకోవడమే. సైరన్ నోరు మూయించవచ్చు. దీపాలూ, వీధి తలుపు తాళమూ, ఫోన్లూ అన్నీ దాని మాట వింటాయి. ఇది జరిగితే అది చెయ్యి, అని మనమే చెప్పుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం కొట్టు మూసి, నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. పాల మరక స్టవ్ పక్కన ఇంకా అలాగే ఉంది. స్టూలు కూడా ఉంది, ఒక కాలు వదులుగా. పెద్దమ్మాయి వంటింట్లో కత్తుల సొరుగుకి ఆ అలారం తెల్లటి బిళ్ళ ఒకటి, చెక్కకి ఇంకో బిళ్ళ అంటించి ఉంచింది. సొరుగు లాగితే రెండూ విడిపోతాయి. విడిపోతే ఇల్లంతా దీపాలు వెలుగుతాయి, వీధి తలుపు తాళం దానంతటదే తెరుచుకుంటుంది, చిన్నదాని ఫోనూ, ఎదురింటి నర్సమ్మ ఫోనూ మోగుతాయి. నర్సమ్మ ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయింది. పగలూ రాత్రీ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉంటుంది.

చిన్నదానికి వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చింది. “అబ్బో, మా అక్క ఇంజనీరైపోయింది,” అంది చిన్నది షాపు వెనక గదిలోంచి, తల తిప్పి, కుడి చెవి దగ్గరగా పెట్టి. “ఏదీ, చూపించండి వదినా.”

నేను సొరుగు చూపించాను.

“కత్తులకెందుకే పెట్టావు?”

“ఎందుకేమిటే? కత్తి తీశానంటే...”

“కత్తితో నన్నెప్పుడు కొట్టావు? గరిటెతో కొట్టావు. చెప్పుతో, ఇస్త్రీపెట్టె వైరుతో, స్టూలుతో కొట్టావు. కత్తి ఏనాడూ ఎత్తలేదు. కత్తి నీకు కూడు పెడుతుంది. దాన్ని పాడుచేసుకోవు.”

“అయితే చెప్పుకి పెట్టనా? గరిటెకి పెట్టనా?” పెద్దమ్మాయి మెడ మీద నరం లేచింది. “ఎక్కడ పెట్టి చావమంటావు?”

“కొట్టేముందు నువ్వొక పని చేస్తావు. నీకు తెలుసా?”

“ఏం పని?”

“వెళ్ళి వీధి తలుపు గడియ వేసొస్తావు. ప్రతిసారీ. నాన్న కూడా అంతే. గడియ టక్కుమనగానే నేను చేతులు అడ్డం పెట్టుకునేదాన్ని. ముందు కుడి చెవికి.”

“లేదే. నాకు ఒళ్ళు తెలీలేదే ఆ రోజు...”

“ఒళ్ళు తెలీనిదానివి గడియెందుకు వేశావే?”

పెద్దమ్మాయి గుమ్మం వైపు తిరిగి చూసింది. స్టూలు మీద కూర్చుంది, అది ఓ పక్కకి ఒరిగింది. కాలు నేలకి ఆనించి కాసుకుని అలాగే ఉండిపోయింది.

నేనే, “గడియ పీకేస్తే సరి కదమ్మా,” అన్నాను.

“పీకితే కుర్చీ అడ్డం పెడుతుంది వదినా. గడియ ఉండనీండి. అక్క చెయ్యి అటే పోతుంది, పోనీండి. ద్వారబంధానికున్న, గడియ దూరే రింగు మాత్రం విప్పేయమనండి. గడియ జరగాలి, పట్టుకోకూడదు. ఆ బిళ్ళలు అక్కడ పెట్టమనండి.”

పెద్దమ్మాయి స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది. ఆ రింగు తండ్రి బిగించింది. తుప్పు పట్టి, ఎంతకీ రాలేదు. పళ్ళు బిగించి, తిట్టి, సుత్తితో బాది, చివరికి చెక్క పెచ్చుతో సహా ఊడబెరికింది. బొటనవేలు చీరుకుని రక్తం కారింది. తుడుచుకోలేదు. రింగు ఉన్నచోట ఒక బిళ్ళ, గడియ కొసకి ఇంకో బిళ్ళ అంటించింది. “అందరిళ్ళల్లో ఇవి విడిపోతే అలారం,” అంది. “మా ఇంట్లో కలిస్తే.”

చిన్నది ఇంకా ఫోన్లోనే ఉంది. “బాగుంది. దీన్ని ఆపే అధికారం ఎవరి దగ్గరుంది?”

“యజమాని అంకె అని ఒకటి నాచేత పెట్టించుకుంది ఈ అలారం,” అంది పెద్దమ్మాయి. “ అది తెలిసినవాళ్ళు ఆపొచ్చు, మార్చొచ్చు.”

“ఆ అంకె ఎవరికి తెలుసు?”

“నాకే. ఇంకెవరికి తెలుస్తుంది?”

“అయితే ఇంకేం, కొట్టాలనిపిస్తే ముందు దీన్ని ఆపి, తర్వాత గడియ వేస్తావు.” చిన్నది నవ్వింది. కాల్ కట్ చేసింది.

“నవ్వుతుందేం?” అంది పెద్దమ్మాయి. గొంతు చాలా మెత్తగా ఉంది. తేనె పూసినట్టు.

లేచి గుమ్మం వైపు నడిచింది. పనిచేస్తుందో లేదో చూస్తుందనుకున్నాను. గడియ జరిపింది. టక్కుమంది. ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. ఆ వెలుగులో చూస్తే రెండో చేతిలో స్టూలు వేలాడుతోంది. ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు. నా వీపుకి గోడ తగిలింది.

నర్సమ్మ చేతికర్రతో తలుపు తోసుకుని వచ్చేసింది. తలుపు అడ్డం లేకుండా తెరుచుకుంది. “ఎవరే? ఎవర్ని చంపుతున్నావే?”

పెద్దమ్మాయి గడియ మీదున్న తన చేతిని చూసుకుంది. తర్వాత స్టూలుని. మెల్లగా కింద పెట్టింది.

“ఇంట్లో అదిప్పుడు లేదు కదా వదినా,” అంది. “మరెవర్ని కొట్టబోయాను?”

నేను గోడని వదల్లేదు. నర్సమ్మ కర్ర దించలేదు.

పెద్దమ్మాయి ఫోన్ తీసి, పాత అంకె నొక్కి, కొత్త అంకె అడిగే చోటుకి తెచ్చి నా చేతిలో పెట్టింది. తను వెళ్ళి, స్టూలు తగిలి సున్నం రాలినచోట, మొహం గోడకి పెట్టి నిలబడింది.

“మీకు తోచిన అంకె వెయ్యండి. పైకి చదవకండి. కళ్ళజోళ్ళ షాపు తీసే ఉంటుంది, వెళ్ళి దాని కుడి చెవిలో చెప్పండి. నాకు చెప్పకండి. తర్వాత ఎప్పుడైనా నవ్వుతూ అడుగుతాను, చెప్పకండి. ఏడుస్తాను, చెప్పకండి. కొన్నాళ్ళు కొట్టుకి రావడం మానెయ్యండి, నేను కత్తి పట్టుకుని ఉండే చోటికి ఆ అంకె తేవద్దు. ఇంకొకటి వదినా. దాన్ని రమ్మనకండి. అంకె ఒక్కటే ఇచ్చి, వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. వెళ్ళండి, తలుపు తీసే ఉంది.”