ఆఖరి గ్లాసుకు స్పానిష్ మాట

అనువాదకుల పరీక్ష కోసం భీమవరం నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే సిటీ బస్సెక్కాను. తాగుడు గురించి ఇంగ్లిష్‌వాళ్లు సరదాగా వాడే మాటలకు స్పానిష్ మాటలు బట్టీ పడుతున్నాను. పక్కన ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ, "గదేం చదువు బిడ్డా?" అనడిగింది.

చెప్పాను. లేచి వెళ్లేముందు తాగే గ్లాసుని స్పెయిన్‌లో చాలామంది ఆఖరిది అనరనీ, ఆఖరిదానికి ముందుది అంటారనీ కూడా చెప్పాను. ఆఖరిదంటే చావుని పిలిచినట్టని వాళ్ల భయం.

నవ్వుతుందనుకున్నాను. ఆవిడ సంచీ తెరిచి చూపించింది. అన్నం డబ్బా పక్కన క్వార్టర్ సీసా ఉంది.

"మా కొడుకు రోజూ గిదే ఆఖరిదమ్మా అంటుండె. తాగి తాగే పోయిండు. ఇయ్యాల మూడో దినం, పిట్టకు పెడ్తున్నం."

పోయినవాళ్లకి ఇష్టమైనవి కాకికి పెట్టడం మా వైపూ ఉంది. మందు పెట్టడం నేనెరగను.

"దాంతోనే పోయాడు కదండీ," అన్నాను.

"పెట్టకుంటే కాకి ముట్టదంట. బతికున్నప్పుడు ఒక్కనాడు పోయలే నేను. ఇయ్యాల నా చేత్తోనే పోస్త."

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతూ సంచీని కొంగుతో కప్పుకుంది.

"గిదైతే ఆఖరిదే బిడ్డా," అంది.