తీసేయబోయిన చుక్క

కార్లు చేసే పెద్ద కంపెనీ అనగానే ఇనుప రేకులు, రంగుల వాసన, మోత గుర్తొస్తాయి. ఆ కంపెనీ ఆవరణలో వెనకవైపున్న పరిశోధన భవనంలో మాత్రం ఒక్క బోల్టు కూడా కంటికి ఆనదు. అక్కడ తయారయ్యేవి కాగితాలు. బ్రేకు తొక్కేటప్పుడు మనిషి కాలు ఎక్కడ తడబడుతుంది, ఎండకు సీటు ఎంత కాగుతుంది, వానలో అద్దం మీద నీళ్లు ఎటు పారతాయి, ఇలాంటివన్నీ పరీక్షించి, తేలిన సంగతులను ఎవరైనా చదువుకునేలా శాస్త్ర పత్రికల్లో అచ్చు వేయిస్తారు.

ఆ పత్రాలకు గ్రాఫులు గీసే పని ఆయనది. మొదట్లో సిరా కలంతో గీసేవాడు. కంప్యూటర్ వచ్చాక చెయ్యి మౌస్ మీదికి మారింది గానీ, గీత కాస్త వంకర పోతే అన్నం సయించని గుణం మారలేదు. భవనమంతా ఆయన్ని గీతల బాబాయ్ అనేవారు.

ఇంట్లో మాత్రం ఆయనకు వేరే పేరుంది. ఎడమచేతి పక్కన గ్లాసు పెడితే దొర్లించేవాడు. గుమ్మం దాటుతూ భుజం కొట్టుకునేవాడు.

"తుఫాను మహానుభావా, కాస్త చూసి నడవండి! ఒళ్లిక్కడ, మనసు ఆఫీసులో," అనేది భార్య.

"ఈ తలుపు మొన్నటిదాకా ఇంత ముందుకు లేదే," అనేవాడు ఆయన, భుజం రుద్దుకుంటూ.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకున్నారు.

ఒకరోజు క్యాంటీన్లో కళ్ల మేడం ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. డ్రైవర్ల చూపు మీద పరిశోధన చేస్తుంది కాబట్టి ఆ పేరు. వయసులో ఆయన కూతురికన్నా చిన్నది. "బాబాయ్ గారూ, యాభై దాటినవాళ్లు కావాలి. ఓసారి మా కారు తోలి పెడతారా?" అని అడిగింది.

"ఎక్కడికి తోలాలమ్మా?"

"ఎక్కడికీ పోదు లెండి."

నిజంగానే పోదు. అది సగానికి కోసిన కారు. ముందు వంపు తిరిగిన పెద్ద తెర, దాని మీద వీధి కదులుతుంది. పక్కల నుంచి ఎవరైనా రోడ్డు మీదికి అడుగేస్తే స్టీరింగు మీదున్న మీట నొక్కాలి. బాబాయ్ హుషారుగా తోలి, "ఒక్కణ్ణి కూడా గుద్దలేదు నేను," అని చెప్పుకుంటూ బయటికొచ్చాడు.

కొన్ని వారాలకు ఆ పరిశోధన గ్రాఫు గీయడానికి ఆయన బల్ల మీదికే వచ్చింది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. పేర్లుండవు. ఎవరు ఏ చుక్కో పరిశోధకులకు కూడా తెలియదు, ఆ వివరాలు కంపెనీ నీతి కమిటీ దగ్గర తాళం వేసి ఉంటాయి. చుక్కలన్నీ ఒకచోట గుమిగూడాయి. ఒక్కటి మాత్రం ఎక్కడో పైన, ఒంటరిగా ఉంది. ఎడమవైపు నుంచి వచ్చినవాళ్లను ఆ మనిషి చాలా ఆలస్యంగా చూశాడన్నమాట. గ్రాఫు అందమంతా దాంతో పాడైపోతోందని బాబాయ్‌కి ఒకటే చిరాకు.

"మేడం, వీడెవడో కునుకు తీసినట్టున్నాడు. ఈ చుక్క తీసేయనా? గ్రాఫు కడిగిన ముత్యంలా ఉంటుంది."

"మా విభాగం పెద్దాయన కూడా తీసేసినా తప్పులేదన్నారు," అందామె, తెర వైపు వంగి చూస్తూ. "కానీ కుడివైపు బాగానే చూశాడు బాబాయ్ గారూ. కునుకు తీసే మనిషి ఒక పక్కే కునుకు తీస్తాడా?"

ఆమె మొదట ఆ సగం కారు యంత్రాన్ని విప్పించి చూసింది. అందులో ఏ లోపమూ లేదు. తరవాత కమిటీకి రాసింది: ఈ మనిషి చూపులో ఏదో తేడా ఉన్నట్టుంది, నాకు పేరు అక్కర్లేదు, మీరే పిలిచి చెప్పండి, అని.

బాబాయ్‌కి కమిటీ గది నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగానికే ఎసరొచ్చిందనుకున్నాడు. అక్కడున్న పెద్దావిడ మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా విషయం చెప్పింది. ఆయన లేచి, తిన్నగా కళ్ల మేడం గదికి నడిచాడు.

"అమ్మా, ఆ కునుకు తీసినవాణ్ణి నేనేనట!"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఇద్దరికీ నవ్వు రాబోయి ఆగిపోయింది.

కంటి డాక్టరు చూసి, నీటికాసులన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. నొప్పి ఉండదు. ఎడమ కంటి లోటును కుడి కన్ను కప్పిపుచ్చుతూ వచ్చిందట. "పోయింది తిరిగి రాదండీ. ఉన్నది మాత్రం చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు. ఇంకా ఆలస్యమై ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అన్నాడు.

బాబాయ్ ఇంటికొచ్చి కారు తాళాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

"మనవరాలిని రోజూ బడి దగ్గర దింపుతున్నానే," అన్నాడు. "ఎడమ పక్క నుంచి ఎవరి బిడ్డయినా అడుగేసుంటే?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. "ఎవరూ అడుగేయలేదుగా," అంది. "చుక్క తీయనివ్వని ఆ అమ్మాయి కడుపు చల్లగా ఉండాలి."

పత్రం అచ్చయింది, ఒంటరి చుక్కతో సహా. అప్పట్నుంచి ఆ భవనంలో ఏ పరీక్షకైనా మనిషిని కూర్చోబెట్టేముందు కళ్లు చూపించాలని నియమం పెట్టారు. బాబాయ్ బస్సులో తిరగడం అలవాటు చేసుకున్నాడు. కారు తోలడం ఆయనకెంతో ఇష్టం, ఆ బెంగ లేకపోలేదు. అయినా పొద్దున లేచి, కంట్లో మందేసుకుని, కిటికీలోంచి వీధి చూసినప్పుడల్లా కళ్ల మేడాన్ని తలుచుకునేవాడు.

ఈ జబ్బు తోబుట్టువులకూ ఉండొచ్చని డాక్టరు అన్నాడు. బాబాయ్ అన్నయ్యకు సైకిళ్లు బాగుచేసే కొట్టుంది, ఆసుపత్రి పేరెత్తితే మాట మార్చేస్తాడు. "పరీక్షకని కంట్లో మందేస్తే నాకు దారి కనబడదు, తోడు రా అన్నయ్యా," అని మభ్యపెట్టి తీసుకెళ్లి, డాక్టరు ముందు కూర్చోబెట్టాడు బాబాయ్. అన్నయ్యకూ ఒత్తిడి ఉంది. చూపు మాత్రం ఇసుమంతైనా చెడలేదు, మందు వాడితే చాలన్నారు.

బయటికొచ్చాక అన్నయ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"నీకు ముందు చెప్పిందెవర్రా?"

బాబాయ్ అంతా చెప్పాడు.

"ఆ పిల్లకు ఏమివ్వగలం మనం?"

"ఏమీ తీసుకోదు అన్నయ్యా. చేసేది కార్ల కంపెనీలో, వచ్చేది డొక్కు సైకిలు మీద."

అన్నయ్య చటుక్కున తలెత్తాడు. "సైకిలా? రేపే పట్టుకురా! ఆ పిల్ల వద్దంటే, వద్దన్నది నాకు వినబడలేదని చెప్పు. కళ్లు బాగున్నాయన్నారు గానీ, చెవుల సంగతి ఎవరూ చూళ్లేదుగా!"