పిన్నిని ముందు చూసింది నేనే

మా ఆయన ఆఫీసులో పక్క క్యూబ్‌లో కూర్చునే ఒక అమెరికన్ కుర్రాడు ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తూ, ఒక అట్టపెట్టె నిండా డీవీడీలు ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు. అన్నీ జపాన్ కుస్తీలు. టీవీల్లో వచ్చే పెద్ద కంపెనీల కుస్తీలు కావు. చిన్న చిన్న హాళ్లలో, మడత కుర్చీలు వేసుకుని, మన పెళ్లి భోజనాల బంతికి వచ్చేంత మంది చూసే కుస్తీలు. ఎవరో ఇంట్లో కూర్చుని కాపీ చేసిన డిస్కులు. పైన మార్కర్‌తో జపనీస్ అక్షరాలు రాసి ఉన్నాయి.

"వద్దనలేకపోయాను. ఎప్పుడైనా పడేద్దాంలే" అని ఈయన పెట్టెను క్లాజెట్‌లోకి తోసేశాడు.

అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్లో కాపురం పెట్టిన కొత్త అది. 2007. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోయేది. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ వంట ముగించుకున్నాక సాయంత్రం దాకా ఏం చేయాలో తోచేది కాదు. ఒకరోజు ఆ పెట్టె బయటికి లాగాను. చిన్నప్పుడు మా అన్నయ్యతో కుస్తీవాళ్ల ట్రంప్ కార్డులు ఆడి, ఎవరి బరువెంతో, ఎవరి ఛాతీ ఎంతో కంఠతా పట్టినదాన్ని. ఆ పాత సరదా ఎక్కడో మిగిలే ఉంది.

మొదటి డిస్కులో కనిపించినాయన యాభై దాటిన మంగలి. నిజంగా మంగలో, వేషమో నాకు తెలియదు. తెల్లకోటు వేసుకుని రింగులోకి వచ్చి, దాన్ని శ్రద్ధగా మడిచి రిఫరీ చేతికిచ్చి, ఎదుటివాడి జుట్టు చేత్తో సర్ది, అప్పుడు చెంప పగలగొట్టేవాడు. ఇంకో డిస్కులో ఎముకల గూడులాంటి పొడుగాయన ఉండేవాడు. ఎవరినీ ఎత్తి పడేయడు. ఎదుటివాడి కాలినే చూస్తూ చుట్టూ తిరుగుతాడు. కాలు దొరికిందా, ఇక గంట కొట్టేదాకా వదలడు. వీళ్లు ప్రపంచంలో ఎవరికీ తెలియదే, ఎంత బాగా ఆడుతున్నారు అనిపించింది. మధ్యాహ్నాలు ఎలా గడిచిపోయాయో తెలియలేదు.

తర్వాత ఆమె కనిపించింది.

పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, మెడదాకా కత్తిరించిన జుట్టు. నలభై ఉంటాయి. మిగతా ఆడవాళ్లు తళతళలాడే బట్టల్లో వస్తే, ఈమె మాత్రం వెలిసిపోయిన ముదురాకుపచ్చ బట్టల్లో, కూరగాయలకు వచ్చినట్టు వచ్చేది. అచ్చం మా అమ్మ చెల్లెలి ముఖమే. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి బియ్యం బస్తా ఒక్కతే లాగేసే మా పిన్ని ముఖం. డిస్కు మీద పేరు చదవడం నాకు రాదు కనక ఆమెకు పిన్ని అనే పేరు పెట్టుకున్నాను.

పిన్ని ఎప్పుడూ ఓడిపోయేది. మొదట జాలిపడ్డాను. చాలా డిస్కులు చూశాక ఒక సంగతి తట్టింది. కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడతారని అందరికీ తెలుసు. కానీ పిన్నితో ఆడిన అమ్మాయి ఎవరైనా సరే, ఆ రోజు గొప్ప వస్తాదులా కనిపించేది. అదే అమ్మాయి ఇంకొకరితో ఆడితే చప్పగా ఉండేది. తన్నులో ఉన్న బలం తన్నేవాళ్లది కాదు, పడే పిన్నిది. ఈ ముక్క ఇంకెవరికీ తెలిసి ఉండదని నాకు లోలోపల గర్వం.

మరుసటి ఏడాది మా పై ఫ్లాట్‌లోకి ఒకమ్మాయి వచ్చింది. కరీంనగర్ పిల్ల, మైక్రోబయాలజీ చదివింది, నాలాగే డిపెండెంట్ వీసా. రెండు రోజుల్లోనే "అక్కా" అంటూ ఇంట్లో మనిషైపోయింది. ఆమె ఇడ్లీ పిండి నా ఫ్రిజ్‌లో, నా కరివేపాకు ఆమె కిటికీలో. కుస్తీ డిస్కుల సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాను గానీ, ఒక వానరోజు ఆగలేక మంగలాయనను చూపించాను. పడీ పడీ నవ్వింది. పొడుగాయనను చూపించాను. "ఇడిసిపెట్టడా ఏంది ఆ కాలు?" అంది. పిన్నిని మాత్రం కొన్నాళ్లు దాచుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. మంచి చీర బీరువాలో పెట్టుకున్నట్టు.

చివరికి చూపించాను. ఆమె సోఫా అంచుకు జరిగి కూర్చుంది.

"ఏందక్కా, గింత లావుగున్నామె గట్ల ఎగిరి పడుతాంది? దెబ్బ తగలదా?"

"ఆమె పడటంలోనే ఉందే అంతా. ఎదుటివాళ్లను గొప్పగా చూపించడమే ఆమె విద్య" అన్నాను.

ఆ మాట అనడం నాకు గుర్తు. ఎందుకంటే తర్వాత దాన్ని ఇంకోచోట చదవాల్సి వచ్చింది.

ఆ డిస్కులు నెమ్మదిగా పైకి పోవడం మొదలుపెట్టాయి. "ఒక్క దినం ఇయ్యక్కా" అని తీసుకెళ్లేది. ఒకరోజు మెట్ల మీద ఎదురై, "అక్కా, మీ పిన్ని పేరు తెలిసింది" అని అసలు పేరు చెప్పింది. లైబ్రరీ నుంచి జపనీస్ నేర్చుకునే పుస్తకాలు తెచ్చుకుని, సాయంత్రాలు కూర్చుని, డిస్కు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివిందట. రెండేళ్లు ఆ ముఖాన్ని నేను చూశాను. పేరు చదవాలని నాకెందుకు తట్టలేదు? ఎమ్మే చదివానే! "బాగుందే పేరు" అని ఇంట్లోకి వచ్చేశాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన అన్నాడు.

నేను పిన్ని అనే అంటూ వచ్చాను. ఆమె అసలు పేరుతోనే మాట్లాడేది. ఆమె పలికినప్పుడల్లా నా వస్తువును నాకే కొత్తగా పరిచయం చేస్తున్నట్టుండేది.

ఆ తర్వాత ఇంటర్నెట్‌లో కుస్తీ పిచ్చివాళ్ల ఫోరం ఒకటి పట్టుకుంది. అందులో ఎవరూ పట్టించుకోని, తప్పక చూడాల్సిన జపాన్ కుస్తీవాళ్ల గురించి ఒక పెద్ద వ్యాసం రాసింది. ల్యాప్‌టాప్ తెచ్చి నాకు చూపించింది. మంగలాయన ఉన్నాడు. పొడుగాయన ఉన్నాడు. అన్నిటికన్నా ఎక్కువ పిన్ని ఉంది. "ఎదుటివాళ్లను గొప్పగా చూపించడమే ఆమె విద్య" అన్న నా మాట ఇంగ్లీషులో నిగనిగలాడుతూ ఉంది. దాని కింద ఎవరెవరో ఆహా ఓహో అని రాశారు. నీ కన్ను గొప్పది అన్నాడొకడు.

"ఎట్లున్నదక్కా?"

"రెండు చోట్ల 'ది' పడలేదు" అన్నాను.

"అందుకే నీకు చూపిచ్చిన, జెర సరిజేయవా?" అంది ఏ కల్మషం లేకుండా. కూర్చుని సరిచేశాను.

2010 ఎండాకాలంలో ఆమె దబదబా మెట్లు దిగి వచ్చింది. పిన్ని అమెరికా వస్తోంది. ఏవో రెండు మూడు ఊళ్లలో చిన్న షోలు. వాటిలో ఒకటి మాకు గంటన్నర దూరంలో, ఒక ఫెయిర్‌గ్రౌండ్ రేకుల హాల్లో. శనివారం మధ్యాహ్నం మేమిద్దరం, మా ఇద్దరి మొగుళ్లూ ఒకే కారులో బయల్దేరాం. దారంతా ఆమె పెదవులు కదుపుతూ జపనీస్ వాక్యాలు వల్లెవేసుకుంటోంది. నేను కిటికీలోంచి పొగాకు చేలు చూస్తూ కూర్చున్నాను.

హాల్లో పాప్‌కార్న్ వాసన, నొప్పుల మందు వాసన కలిసిపోయి ఉన్నాయి. గోడవారన బల్లల మీద కుస్తీవాళ్లు ఫొటోలు, టీషర్టులు అమ్ముకుంటున్నారు. చిట్టచివరి బల్ల వెనక పిన్ని ఒక్కతే కూర్చుని ఉంది. ముందు ఫొటోలూ, మడతపెట్టిన చిన్న తువ్వాళ్లూ. ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. తెరమీద కంటే ఇంకా పొట్టిగా ఉంది. చెవికి ఒక చిన్న మడత, ఎన్నో దెబ్బలు తిని గట్టిపడిన చెవి.

నేను అడుగు వేసేలోపే కరీంనగర్ పిల్ల అక్కడుంది. వంగి నమస్కారంలాంటిది చేసి, నేర్చుకున్న వాక్యాలన్నీ గబగబా అప్పజెప్పింది. పిన్ని ముఖం ఒక్కసారిగా విప్పారింది. లేచి నిలబడి ఈమె రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వారు. షో జరిపే పిలకజుట్టు పెద్దమనిషి అది చూసి పరుగెత్తుకొచ్చాడు. పిన్నితో రావాల్సిన దుబాసీకి ఒంట్లో బాగాలేదట, కాస్త ఈ బల్ల దగ్గర ఉండగలవా అని అడిగాడు. క్షణంలో మా పై ఫ్లాటు పిల్ల వాళ్లిచ్చిన నల్ల టీషర్టు తొడుక్కుని బల్లకు అటువైపు, పిన్ని పక్కన కూర్చుంది.

"నువ్వూ వెళ్లి మాట్లాడవోయ్. ఆమె గురించి నువ్వే కదా మొదట్నుంచీ చెప్పేదానివి" అన్నాడు మా ఆయన.

"ఏం మాట్లాడనండీ? ఏ భాషలో?" అన్నాను. నా గొంతు నాకే విసురుగా వినిపించింది. ఆయన వెళ్లి నాకో నిమ్మసోడా తెచ్చి చేతిలో పెట్టాడు.

పిన్నికి ప్రత్యర్థి ఆ చుట్టుపక్కల ఊరి అమ్మాయే. కొత్తగా కుస్తీలోకి వచ్చినట్టుంది, రింగులోకి వస్తూ వాళ్లమ్మ వైపే చూస్తోంది. వాళ్ల వాళ్లంతా ముందు వరసలో అరుస్తున్నారు. మ్యాచ్ సగంలో ఆ అమ్మాయి పిన్నిని భుజాల మీదికి ఎత్తబోయింది. చేతుల్లో సత్తువ చాల్లేదు. ఎత్తినట్టే ఎత్తి తూలింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొక్క క్షణం ఉంటే హాలంతా నవ్వేది, ఆ పిల్ల పని అయిపోయేది.

పిన్ని ఆమె భుజం మీంచి తనే జారి, ఎడమ మోకాలు పట్టుకుని కేక పెట్టింది.

నవ్వు ఆగిపోయింది. రిఫరీ పరుగెత్తాడు. ఆ పిల్ల అయోమయంగా చూసింది. పిన్ని రెండు చేతులతో ఆ మోకాలినే పట్టుకుని, ఇదిగో ఇక్కడ అన్నట్టు కాలు ఆమె వైపే చాపింది. అప్పుడు అర్థమైంది పిల్లకి. మోకాలిని తన్నడం మొదలుపెట్టింది. ఇక చూడాలి ఆ హాలు! చివరికి ఆ పిల్ల గెలిచినప్పుడు అందరూ కుర్చీల్లోంచి లేచారు. ఆమె ఏడుస్తోంది. పిన్ని కుంటుకుంటూ, తాడు పట్టుకుని, మెల్లగా వెళ్లిపోయింది.

విరామంలో నా స్నేహితురాలు ఎదురుగా పరుగెత్తుకొస్తోంది. కళ్లనిండా నీళ్లు.

"అక్కా, ఆమె మోకాలుకు మస్తు దెబ్బ తాకింది. నేను ఐస్ తెస్త, నువ్వు జెర ఆమె కాడ ఉండవా?"

ఆమె కనిపెట్టలేదు! ఫోరంలో అంత రాసిన మనిషి కనిపెట్టలేదు. నా ఒళ్లంతా తేలికైపోయింది.

బల్ల దగ్గరికి వెళ్లాను. పిన్ని కూర్చుని, ఆ ఎడమ కాలినే హాయిగా కుడికాలి మీద వేసుకుని, మంచినీళ్లు తాగుతోంది. నాకు ఒక్క జపనీస్ ముక్క రాదు. ఆమె మోకాలి వైపు వేలు చూపించాను. దూరంగా వాళ్లమ్మను కౌగిలించుకుని నిలబడిన ఆ పిల్ల వైపు చూపించాను. చేతులు జోడించాను.

పిన్ని సీసా దించి నన్ను చూసింది. అటూ ఇటూ చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. నాకూ నవ్వాగలేదు. ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకుంటూ ఉండగా ఐస్ సంచితో ఆమె వచ్చింది. పిన్ని చటుక్కున కాలు దించి, ముఖం చిట్లించి, ఎంతో కృతజ్ఞతతో ఐస్ అందుకుంది.

తిరుగు దారంతా ఒకటే ప్రశ్న.

"ఏం మాట్లాడుకున్నరక్కా మీరిద్దరు? నవ్వుకుంటున్నరు."

"ఏం లేదే."

"నీకు జపనీస్ రాదు గద?"

"రాదు."

"మరేం నవ్విన్రు?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఈసారి పెదవులు బిగించుకుని కూర్చున్నది ఆమె. ఎన్నో నెలలుగా నేను మోస్తున్నదేదో ఆమె ఒళ్లోకి మారినట్టు, ఎంత సుఖంగా ఉందో ఆ ప్రయాణం!

ఆమె ఊరుకోలేదు. పప్పు గిన్నె ఇవ్వడానికి వచ్చినా, పెరుగు తోడుకు వచ్చినా అదే అడిగేది. చివరికి చెప్పేశాను. అప్పుడు ఆమె చేతిలో పెరుగు తోడు గిన్నె ఉంది.

"అంటే నేను ఐస్ పట్టుకొని ఉరుకుతాంటే, మీరిద్దరు నన్ను చూసి నవ్వుకున్నరు."

"నిన్ను చూసి కాదే..."

"రాసిన వ్యాసం, నేర్చిన భాష, అంతా దండుగనే గద అక్కా. ఆమె నీకే చెప్పుకున్నది."

గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. కొన్నాళ్లు పైనుంచి అడుగుల చప్పుడు వినడమే తప్ప మనిషి కనిపించలేదు. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టింది. చేతిలో నా డిస్కులన్నీ ఉన్నాయి. తిరిగి ఇచ్చేయడానికి వచ్చిందనుకున్నాను.

"పెట్టు. ఇంకేమేం కనబడ్డయో చూపియ్" అంది, సోఫాలో కూర్చుంటూ.

ఆపి ఆపి చూపించాను. ఇక్కడ ఎదుటామె కాలు జారింది చూడు, పిన్ని ఎలా సర్దిందో చూడు. ఇక్కడ ఎదుటామె దెబ్బ తగలనే లేదు. కరీంనగర్ పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. చూసినవన్నీ ఫోరంలో రాసింది. ఈసారి "మా అక్క చూపించింది" అని రాసింది. కింద అందరూ మళ్లీ ఆమెనే మెచ్చుకున్నారు.

తర్వాత వాళ్లకు గ్రీన్‌కార్డులు వచ్చి నేపర్‌విల్ అనే ఊరికి వెళ్లిపోయారు. ఆ జపనీస్ పుణ్యమా అని అక్కడ ఒక మందుల కంపెనీలో ఆమెకు మంచి ఉద్యోగం వచ్చింది. ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు "చాలా సంతోషమే" అన్నాను. మా గ్రీన్‌కార్డు కాగితాలు ఇంకా వరసలోనే ఉన్నాయి. ఫోన్ పెట్టేసి ఎంతసేపో సింకులో గిన్నెలు తోముతూనే ఉన్నాను, తోమినవే.

మొన్నామధ్య కంప్యూటర్‌లో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో కనబడింది. జపాన్‌లో ఏదో ఊళ్లో, బట్టలకొట్టు పైఅంతస్తులో రింగు వేశారు. ఒక నత్తి కుర్రవాడు మైకు ముందు రెండు మాటలు చెప్పలేక అవస్థ పడి, గంట కొట్టగానే నీళ్లలా కదిలాడు. నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. అంతలో ఫోన్ మోగింది. నేపర్‌విల్ నుంచి ఆమే. పిల్లల కబుర్లు, చలి కబుర్లు అయ్యాక ఎప్పటిలాగే అడిగింది.

"కొత్తగ ఎవలన్న దొరికిన్రా అక్కా, చూసేటట్టు?"

"ఎక్కడే, అందరూ పాతవాళ్లే" అన్నాను, వీడియో శబ్దం తగ్గిస్తూ.