వాగు దాటని పిల్ల

మొన్న ఖమ్మంలో ఒక బ్యాంకు వరుసలో నిలబడి ఉంటే, ఒకావిడ ఫినాయిల్ నీళ్ళతో నేల తుడుస్తూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. అందరూ ముక్కు మూసుకున్నారు. ఆ వాసనకి నాకు సువార్తక్క గుర్తొచ్చి, నా వంతు వచ్చినా కదలలేదు. వెనకాయన కసురుకున్నాడు.

రెండువేల నాలుగు ప్రాంతంలో మణుగూరు కాలనీలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. సువార్తక్క అక్కడ ఆయా. నేను అప్పుడే ఒక వారపత్రికలో సీరియల్ మొదలుపెట్టాను. కాళ్ళు నేల మీద ఆనని రోజులు. అక్కకి చదువు రాదు. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే, బకెట్ పక్కన పెట్టి స్టాఫ్ రూమ్ గడప దగ్గర కూర్చునేది. ఆ వారం అచ్చయిన భాగం చదివి వినిపించేదాన్ని. నా కథలో నీల అనే పదేళ్ళ పిల్ల తల్లితో బీడీలు చుట్టే తునికాకు కోతకి వెళ్ళింది. "పొద్దుగాల ఏం దిన్నది టీచరమ్మా ఆ పిల్ల? నువ్వు రాయనే లేదు" అంది అక్క. నిజమే, నాకు తట్టనే లేదు. రాయడం గురించి అంత మంచి మాట నాకు ఏ పండితుడూ చెప్పలేదు.

ఆ నీల ఎవరో దాచడమెందుకు? అక్క కూతురు రూతే. చలిజ్వరంతో ఉన్న పిల్లని దవాఖానాకి తీసుకొస్తుంటే వాగు పొంగింది. దాటే దారిలేక ఒడ్డునే తల్లి ఒళ్ళో ప్రాణం పోయింది. ఒకనాడు టీ పోస్తూ అక్కే చెప్పింది. నేను పేరు మార్చి, ఊరు మార్చి, ఆమె గుర్తుపట్టదులే అనుకున్నాను. ఎంత తెలివి నాది!

కథలో నీలకి జ్వరం వచ్చిన వారం, అక్క వెళ్ళే చర్చికే వెళ్ళే లెక్కల టీచర్ నన్ను అడిగింది. "నీల ఎవరండీ? మన బడి పిల్లేనా? శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సువార్తమ్మ ఆ పేరు చెప్పింది. అందరం మోకాళ్ళ మీద ప్రార్థించాం." నీల నా కథలో పిల్ల అని చెప్పగానే స్టాఫ్ రూమంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. పాపం, అక్కకి కథకీ నిజానికీ తేడా తెలియదనుకున్నాను.

తరువాతి వారం నీల, తల్లి వాగు ఒడ్డుకి చేరారు. చదవడం ఆపగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, పిల్లని వాగు దాటియ్యవా?"

"కథ నా మాట వినదక్కా. దాని దారి దానిది" అన్నాను గొప్పగా.

అబద్ధం. చివరి భాగం అప్పటికి నా సంచిలోనే ఉంది. నాలుగు వాక్యాలు కొట్టేస్తే పిల్ల దాటేది. కానీ ఏడిపించే ముగింపైతే ఉత్తరాలు వస్తాయని నాకు ఆశ. ఆ సాయంత్రమే పోస్టులో వేశాను.

అది అచ్చయి వచ్చాక, బుద్ధి లేకుండా, దాన్నీ చదివి వినిపించాను. అక్క లేచి నిలబడింది.

"సచ్చిపోయిందా, నువ్వు సంపినవా?"

"కథకి అదే బాగుంటుందక్కా..."

"గది నా రూతే అని నాకు ఎరికలేదనుకున్నవా? మీరంత నవ్విండ్రంట గదా. ప్రార్థన పిల్ల కోసం కాదు టీచరమ్మా. పిల్ల ఎప్పుడో పాయె. నీ చెయ్యి మెత్తబడాలని పెట్టిచ్చిన. నా చేతిల పడవ లేకుండె. నీ చేతిల కలం ఉండె గదా!"

బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రోజూ నవ్వుతూనే టీ ఇచ్చేది గానీ, చదవనా అంటే, "పనుంది టీచరమ్మా" అనేది. వేసవి సెలవులకి నేను ఆ బడి మానేసి ఖమ్మం వచ్చేశాను. ముగింపుకి ఉత్తరాలు బోలెడు వచ్చాయి. ఒక్కటీ దాచుకోలేదు.

నీల వాగు దాటినట్టు మళ్ళీ రాయడానికి ఒక్క పూట పట్టింది. దాన్ని పట్టుకుని వెళ్ళడానికి నాలుగేళ్ళు పట్టింది, సిగ్గుతో. అప్పటికి అక్క పెనుబల్లి దగ్గర తమ్ముడి ఇంట్లో ఉంది. నన్ను చూసి సంతోషంగా పీట వేసింది. కాగితాలు తీసి చదవబోతే, తమ్ముడి భార్య ఆపింది. "వినబడదండి. రెండేండ్లాయె చెవులు పోయి."

అక్క నా కాగితాల వంక చూసింది. చేత్తో నీళ్ళ మీద గీత గీసినట్టు చూపించి, "దాటిందా?" అంది. తల ఊపాను.

"మంచిదాయె" అంది. కాగితాల మీద చెయ్యి వేసి, "గప్పుడు నువ్వు సదువుతుంటే నా రూతు గొంతు ఇనబడేది" అంది.

ఆ నాలుగు కాగితాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, ఏ పత్రికకీ పంపలేదు. ఈనాటికీ కథలో ఎవరి ప్రాణమైనా తీయబోతే నా చెయ్యి ఆగుతుంది. సచ్చిపోయిందా, నువ్వు సంపినవా అని అక్క అడుగుతుంది. కొన్నిసార్లు కలం మూసేసి లేస్తాను. ఆమె ప్రార్థన ఫలించింది, నా చెయ్యి మెత్తబడింది, కానీ కథలోని రూతుకి వేళకి అందలేదు.