బొటనవేలి కింది వరుస

బోగోలు దగ్గర చిన్న ఆసుపత్రిలో నర్సు పుష్పకుమారి. ఆమె మెడలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ అట్ట వేలాడుతుంటుంది. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ఏది ముందు, ఏది తర్వాత చేయాలో దాని మీద వరుసగా రాసుకుంది. ఇరవై ఏళ్ళుగా, ఒక్కో వరుస మీద బొటనవేలు పెట్టి పైకి చదవనిదే ఆమె చేయి కదలదు.

"అక్కా, నీకింకా నోటికి రాలేదా?" అని కుర్ర నర్సులు నవ్వుతారు.

"వచ్చిందిలే. భయమేసినప్పుడే పోతాది."

మొన్న ఒక బాలింతకు రక్తం ఆగకపోతే, డాక్టరు వచ్చేలోగా అలాగే చదువుతూ ఆపింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తానొక్కతే ఉండే ఇంటి తాళం తీస్తుంటే ఆమెకే ఛాతీలో నొప్పి పట్టింది. గడప మీద కూలబడి, అలవాటుగా అట్ట అందుకుని మొదటి వరుస పైకి చదివింది: "పక్కనున్న మనిషిని సాయానికి పిలవాలి."

ఆ రోజు బొటనవేలు రెండో వరుసకు దిగలేదు.