సిలిండరుకు పాట వినిపించిన వేసవి

మీలో చాలామంది పొయ్యి మీద పాలు పొంగించి ఉంటారు, బండి తాళాలు పోగొట్టి ఉంటారు. నేను అంతటితో ఆగే రకం కాదు. ఒక మనిషి సముద్రం అడుగున పీల్చుకోవాల్సిన గాలికి ఎసరు పెట్టాను. అదీ పాటలు పాడి. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నాకు కాస్త ఏడుపు కూడా వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది రేపల్లె. మెకానికల్ డిప్లొమా అయ్యాక తెనాలిలో సిలిండర్లు పరీక్షించే ఒక సారు దగ్గర ఏడాదిపాటు పని నేర్చుకున్నాను. ఆ సారే నన్ను బాపట్లలో సముద్రం దారిలో ఉన్న ఒక షెడ్డులో పెట్టించారు. బోటు అడుగున తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుంటే నీళ్లలోకి దిగి కోసిపెట్టే పని ఆ షెడ్డు ఓనరుది. దిగేది మాత్రం పోతురాజన్న. ఆయన వీపున కట్టుకుని దిగే ఇనుప సిలిండర్లు నాలుగు. వాటి ఆలనాపాలనా చూసే మహా అధికారిని నేను.

సారు నన్ను వదిలి వెళ్లేటప్పుడు వేలు చూపించి మరీ చెప్పారు.

"ఏడాదికోసారి లోపల చూడాలయ్యా. ముందు గాలి మెల్లగా వదిలెయ్యి. పూర్తిగా ఖాళీ అయ్యాకే వాల్వు విప్పు. లైటు వేసి తుప్పూ, తేమా, గుంటలూ ఉన్నాయేమో చూడు. రబ్బరు రింగు కొత్తది వేసి వెంటనే బిగించెయ్యి. ఇది ఉప్పుగాలి ఊరు, తెరిచి వదలకు."

"అలాగేనండి," అన్నాను. ఈ మాట నేను ఎంత వినయంగా అంటే అంత ప్రమాదమని సారుకు అప్పటికి తెలియదు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు కదలవు. పోతురాజన్న ఇంటికి వెళ్లిపోయాడు. అంతకుముందు రోజూ నాకు ఇంటి నుంచి చేపల పులుసు తెచ్చిపెట్టిన మనిషి. ఆయనతోపాటు పులుసూ పోయింది, మాటా పోయింది. ఓనరు ఫోనులో తప్ప కనపడడు. మొదటి వారం ఫోను చూస్తూ గడిపాను. రెండో వారం అమ్మకు రోజుకు నాలుగుసార్లు ఫోను చేశాను. "ఏంట్రా, ఒంట్లో బాగాలేదా?" అని ఆవిడ కంగారుపడితే మానేశాను. మూడో వారం రోడ్డు మీద పోయే ఐస్‌క్రీం బండిని ఆపాను.

"ఎండ బాగా ఉంది కదా బాబాయ్!"

"మే నెల కదండీ," అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ వారం మొత్తానికి నేను ఎదురుగా ఒక మనిషితో మాట్లాడింది అంతే. ఐస్‌క్రీం కరిగి చేతి మీద కారుతుంటే అక్కడే చాలాసేపు నిలబడ్డాను. అంత దిగులు నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

ఆ మర్నాడే మొదటి సిలిండరు విప్పాను. గాలి వదిలాను, వాల్వు తీశాను, లైటు వేశాను. లోపల తళతళ. "బాగానే ఉన్నావే!" అన్నాను దాంతో. లోపలి నుంచి గంభీరంగా ఏదో బదులు వచ్చింది. మళ్లీ అన్నాను. మళ్లీ వచ్చింది. ఆ బండి బాబాయ్ తర్వాత నాకు బదులు చెప్పిన ప్రాణి అదే.

ఇక్కడ నా సంగీత చరిత్ర కొంచెం చెప్పాలి. రేపల్లెలో మా చర్చి క్వయరులో ఆరేళ్లు నిలబడ్డాను. నిలబడ్డాను అనే అంటున్నాను, గమనించండి. మా క్వయరు మాస్టారు మొదటి రోజే నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పెదవులు కదుపు చాలు నాయనా," అన్నారు. ఆరేళ్లు చేపలాగా పెదవులు కదిపాను. అలాంటి గొంతును ఈ సిలిండరు కాదనలేదు. పైగా హుందాగా వంత పాడింది.

మిగతా మూడూ విప్పేశాను. వరసగా నిలబెట్టి, ఒక్కోదాని మూతి మీద నోరు పెట్టి పొద్దునొక కీర్తన, సాయంత్రం రెండు. నేను పల్లవి అందుకుంటే నాలుగూ వంతులవారీగా గుమ్మని పలికేవి. నెల రోజులు షెడ్డు కళకళలాడిపోయింది. వాల్వులు మాత్రం అరలో పడుకున్నాయి.

జూన్‌లో గాలి నింపేముందు సారు తెనాలి నుంచి వచ్చారు. పోతురాజన్నా వచ్చాడు. సారు ఒకదాంట్లో లైటు వేశారు. రెండోదాంట్లో వేశారు. కళ్లజోడు తుడుచుకుని నాలుగూ చూశారు.

"ఇదేంటయ్యా, లోపలంతా బెల్లం రంగు!"

ఓనరుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఓనరు తీర్పు చెప్పేశాడు. "పోతురాజు చివరిదాకా గాలి పీల్చేసి ఉంటాడు. ఖాళీ అయినదాంట్లోకి సముద్రపు నీళ్లు దూరాయి. ఈసారి ఇంకొకణ్ణి చూద్దాంలెండి."

పోతురాజన్న ముఖం పాలిపోయింది. "అయ్యబాబోయ్, లేదండి సారూ! గాలి మీటరు ముల్లు యాభైకి దిగగానే పైకొచ్చేస్తానండి. ఇరవై ఏళ్ల నుంచీ అంతేనండి. ఈ పని పోతే నేనేం చెయ్యాలండి?"

సారు నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

"నీళ్లే అయ్యుంటాయండి," అన్నాను.

ఆ ముక్క అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. 

సారు కర్రకు గుడ్డ చుట్టి లోపల తుడిచారు. "సముద్రం దూరితే ఉప్పు పేరుకోవాలి. ఉప్పేదీ? ఇంకెవరి వల్లో తేమ పట్టింది. ఇది ఆషామాషీ కాదయ్యా. దీంట్లో గాలి నింపి ఉంచితే అందులోని ఆక్సిజన్‌ను తుప్పే తినేస్తుంది. దిగినవాడు పీలుస్తూనే ఉంటాడు, పీలుస్తూనే స్పృహ తప్పుతాడు."

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "నేనేనండి."

"నీళ్లు పోశావా?"

"లేదండి. కీర్తనలు పాడానండి."

"ఎక్కడ?"

"వీటిలోకండి."

స్పీకరులోంచి ఓనరు, "ఏంటి? ఏమంటున్నాడు?" అన్నాడు.

"సిలిండర్లలోకి కీర్తనలు పాడాడటండి," అన్నారు సారు ఎంతో మర్యాదగా.  అవతల ఫోను కట్టయింది.

"ఎన్ని పాడావు?"

"పుస్తకం సగం అయిందండి."

"నోటి ఆవిరంతా లోపలికే పోయిందన్నమాట. ఆ మధ్యలో ఒక్కసారైనా వాల్వు బిగించావా?"

"బిగిస్తే మూగవైపోతాయనండి..." అంటూనే ఏడ్చేశాను. సారు తిట్టబోయి, జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు.

శిక్ష మాత్రం తప్పలేదు. లోపల గరుకు రాళ్ల పలుకులు వేసి తుప్పంతా రాలేదాకా నాలుగింటినీ దొర్లించాను. కడిగాను, వేడిగాలితో ఆరబెట్టాను. గుంటలు పడలేదని సారు స్వయంగా చూశారు, తెనాలి తీసుకెళ్లి నీటి ఒత్తిడి పరీక్ష కూడా చేశాకే ఒప్పుకున్నారు. ఓనరు పోతురాజన్నను పిలిచి మళ్లీ పని అప్పగించాడు.

దొర్లించినన్ని రోజులూ పోతురాజన్న పక్కన కూర్చున్నాడు. "మా ఇల్లు ఇక్కడికి అర కిలోమీటరు తమ్ముడూ. మనిషి కావాలనిపిస్తే రాకూడదా?"

"మీకు పనులుంటాయనుకున్నాను అన్నా."

"నిషేధంలో నాకేం పని? రెండు నెలలూ గోడ చూస్తూ కూర్చున్నా." దొర్లుతున్న సిలిండరును కాలితో ఆపి, "ఇంతకీ ఆ పాటేంటో ఒకటి పాడు, విందాం," అన్నాడు.

ఆరేళ్ల క్వయరు జీవితంలో నన్నెవరూ అడగని మాట అది. గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని అందుకున్నాను. పల్లవి పూర్తవకముందే ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలు తమ్ముడూ. ఇనుము కాబట్టి తుప్పుతో సరిపెట్టుకుంది."

కాబట్టి పాఠకుల సాక్షిగా, వాల్వుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. విప్పిన సిలిండరు ముందు ఈ జన్మలో నోరు తెరవను. మరీ ఒంటరిగా అనిపిస్తే పోతురాజన్న ఇంటికే వెళతాను. ఎప్పుడైనా రమ్మన్నాడు, పాడనంటేనే.