పెద్ద చక్రాల చలికాలం

మా అన్నయ్య టోకుజికి సముద్రమంటే భయం లేదు. యాభై ఏళ్ళపాటు జపాన్ ఉత్తరపు కొసన రౌసు తీరంలో చిన్న పడవ అంచున నిలబడి, పొడవాటి కర్రతో కొంబు నాచును మెలిపెట్టి పైకి లాగినవాడు. ఆయనకు భయమల్లా రోడ్డంటేనే. అది కూడా నన్ను పక్కన కూచోబెట్టుకుని నడపడం మొదలుపెట్టాకే వచ్చింది.

నా కిడ్నీలు పాడయ్యాక సోమ, బుధ, శుక్రవారాలు నకాషిబెత్సు ఆసుపత్రికి వెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడుకోవలసి వచ్చింది. ఇంటి నుంచి ఆసుపత్రి గేటుకి డెబ్బై కిలోమీటర్లు. నేను పెళ్ళి చేసుకోలేదు. వదిన పోయి చాలా కాలమైంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, ఒక ముసలి తెల్ల కారు.

ఆ కారులో పెట్రోలు ముల్లు ఏడేళ్ళ కిందటే సగం దగ్గర ఆగిపోయింది. నింపినా అంతే, ఎండినా అంతే. బాగుచేయించమంటే, "దాన్ని చూసి నడిపేవాడికి కదా అది కావాలి" అనేవాడు అన్నయ్య. ఆయన లెక్క ఆయనది. ట్యాంకు మూతి దాకా నింపించి, కిలోమీటర్ల మీటరును సున్నాకి తిప్పేవాడు. చలికాలంలో రెండున్నర రాకపోకలకు, అంటే మీటరు మూడు వందల యాభై చూపించే వేళకి, మళ్ళీ నింపించాలి. అది ఒకసారి ఆసుపత్రి పక్క బంకులో పడేది, ఒకసారి మా ఊరి బంకులో. ఏడేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక చలికాలం వంపులో కారు జారింది. అడ్డంగా తిరిగి, సముద్రపు గోడకి జానెడు దూరంలో ఆగింది.  ఆ రోజు ఇంటికొచ్చేదాకా అన్నయ్య గంటకి ముప్పై కిలోమీటర్లు దాటించలేదు. 

తర్వాతి నవంబరులో కొండ మీద తెలుపు కనపడగానే ఊళ్ళో అందరిలాగే మేమూ మంచు టైర్లు బయటికి తీశాం. ఆ రోజు ఏ ఇంటి ముందు చూసినా జాకీలే. ప్రతి టైరు మీదా అన్నయ్య సుద్దతో రాసి పెట్టుకున్న గుర్తులు: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. రబ్బరు మాత్రం పూర్తిగా అరిగిపోయింది. వాటిని బండిలో వేసుకుని ఒనొదెరా టైర్ల దుకాణానికి వెళ్ళాం. ఒనొదెరా, అన్నయ్య బడిలో ఒకే బల్ల మీద కూచున్నవాళ్ళు.

"ఏరా టోకుజీ, నీ బట్టతల కూడా ఇంత నున్నగా లేదు కదరా!" అన్నాడు టైరు నిమిరి.

"అందుకే వచ్చాను. గట్టివేమైనా ఉంటే చూపించు. చెల్లెలు పక్కన కూచుంటుంది."

"ఉన్నాయి. పెద్ద బండివి. ఎవరో దాన్ని అమ్మేసి, ఇవి నా దగ్గర పడేసి దక్షిణానికి పోయారు. వెడల్పు చూడు, ఎలుగుబంటి పాదాలే! బోల్టులు నీ కారుకి సరిపోతాయి. ఉట్టినే తీసుకుపో."

ఆ చక్రాలు పాతవాటికన్నా ఎత్తు, వెడల్పు. ఒక్కొక్కటి ఎత్తడానికి ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల ఎక్కడో రాసుకుని కిర్రుమనేది. అన్నయ్య సుత్తి తీసుకుని అడ్డొచ్చిన రేకును లోపలికి కొట్టాడు. కారు నేలకి అంత ఎత్తున నిలబడితే నేను తలుపు పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది.

"దొరసానిగారు గుర్రమెక్కారు" అన్నాడు. ఏడాది తర్వాత ఆయన ముఖంలో ధైర్యం చూశాను.

మొదటిరోజు ఆసుపత్రి గేటు దగ్గర మీటరు అరవై ఆరు చూపించింది.

"అన్నయ్యా, ఇక్కడికి డెబ్బై ఉండాలి కదా?"

"పెద్ద కాళ్ళు కదే ఫుమియే. పెద్ద పెద్ద అంగలు వేస్తోంది. దారి తగ్గింది."

"దారి ఎక్కడైనా తగ్గుతుందా?"

"ఒనొదెరా టైర్లకి తగ్గుతుంది. నాలుగు కిలోమీటర్ల పెట్రోలు మిగిలింది చూడు!"

నవ్వాడు. నవ్వుతూనే నమ్మాడు కూడా. రెండున్నర రాకపోకలకి మూడు వందల ముప్పై చూపించేసరికి, తన లెక్కలో ఇంకా ఇరవై చేతిలో ఉందనుకున్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మూలగడం నాకు వినిపించేది. కొత్త చెప్పులు మొదట కరిచి సర్దుకున్నట్టు అదీ సర్దుకుంటుందిలే అనుకున్నాను. డిసెంబరులో ఆసుపత్రి పక్క బంకులో అమ్మాయి గొట్టం తీస్తూ, "తాతా, మీ బండి ఈమధ్య బాగా తాగుతోంది. ఇదివరకు ముప్పై మూడు లీటర్లు పట్టేది, ఇవాళ ముప్పై అయిదు పట్టింది" అంది. "చలికి దానికీ దాహమేనమ్మా" అన్నాడు అన్నయ్య.

జనవరిలో ఒక సోమవారం. శుక్రవారం తర్వాత రెండు రోజుల ఎడం వస్తుంది కాబట్టి, మాలాంటి రోగులకు సోమవారమే గండం. ఒంట్లో చేరిన విషమంతా ఆ ఉదయానికి పోగుపడి ఉంటుంది. ఉదయం ఏడింటికి బయలుదేరినప్పుడు గాలి ఉంది కానీ దారి కనిపిస్తోంది. దారిలో ఉండే షిబెత్సు ఊరు దాటి పొలాల్లోకి వచ్చాక ఒక్కసారిగా అంతా తెల్లబడింది. ముందు అద్దానికి అవతల ఏమీ లేదు. రోడ్డు అంచును చూపించడానికి నెత్తిమీద వేలాడే బాణం గుర్తు ఒకటి కనిపిస్తే, రెండోది కనిపించేదాకా ఊపిరి బిగబట్టి కూచునేదాన్ని. చక్రాలు మోకాలెత్తు మంచును దున్నుకుంటూ పోతున్నాయి. ఇంజను అరుస్తోంది, కారు నడిచేది మాత్రం మనిషి నడకే.

అప్పుడు అది రెండుసార్లు దగ్గింది. తర్వాత శబ్దం లేదు.

అన్నయ్య తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మీటరు మీద వేలు పెట్టి కొట్టాడు. మూడు వందల పదకొండు.

"ఇంకా ముప్పై తొమ్మిది ఉండాలే" అన్నాడు. "ఉండాలే!"

హీటరు ఆగిన కాసేపటికే అద్దాలకు లోపల మంచు పట్టింది. ఫోనులో దొరికిన రోడ్డు శాఖవాళ్ళు, రోడ్డు వెనక నుంచి మూసేశామని, మంచు తీసే బండి వచ్చేదాకా కారు దిగొద్దని చెప్పారు. ఎంతసేపు అంటే చెప్పలేమన్నారు. నా పెదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. వేళ్ళు కూడా. అది చలో, మరొకటో నాకు తెలియలేదు. ఆ మరొకటే అయ్యుంటుందన్న భయం నన్ను చంపుతోంది. ఇక దాచలేకపోయాను.

"అన్నయ్యా, నిన్న కొంబు నమిలాను."

మా ఇంటికి కూడు పెట్టిన ఆ నాచులో ఉన్న పొటాషియం నా గుండెను ఆపేయగలదని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. అన్నయ్య ఎండబెట్టిన కట్టలన్నీ కొట్టులో పెట్టి తాళం వేసేవాడు.

"ఎంత?"

"అరచేయంత."

"తాళం?"

"నీ కోటు జేబులో ఉంటుందిగా."

"దొంగపిల్లా! అరవై ఏళ్ళొచ్చినా బుద్ధి రాలేదే నీకు!" అని తన కోటు విప్పి నా కాళ్ళకు చుట్టాడు. 

తర్వాత ఆయన అన్న మాటకి నేను కొంబు సంగతి కూడా మరిచిపోయాను. "ఫుమియే, ఆ మంచు బండి వస్తే దానికి మనం కనపడం. మన మీదినుంచే పోతుంది."

వెనక అరలోంచి పడవ తాడు, పడవ లాంతరు తీశాడు. వద్దన్నాను. చొక్కా పట్టుకున్నాను. కోటు తిరిగి తొడిగించడం ఒక్కటే నా చేతనైంది. తాడు ఒక కొస నడుముకి కట్టుకుని, రెండో కొస కిటికీ సందులోంచి నా చేతికిచ్చాడు. పొగమంచులో పడవకీ పడవకీ మధ్య నాచు తీసేవాళ్ళు చేసే పనే అది.

"కాసేపటికోసారి లాగు. నేను తిరిగి లాగుతాను. లాగితే బతికున్నట్టే. సరేనా?"

కారు వెనక ముప్పై అడుగుల దూరంలో నిలబడ్డాడట. నాకు చేయి చాచినంత దూరం కూడా కనపడలేదు. లాగాను. తాడు బిగిసి వదులైంది. నూరు లెక్కపెట్టి మళ్ళీ లాగాను. బదులొచ్చింది. అలా ఎన్నిసార్లో. ఒకసారి లాగితే తాడు ఊరికే నా వైపు వచ్చింది. రెండోసారి కూడా. అరిచాను. గాలి తప్ప ఏమీ లేదు. నా గుండె ఆగుతూ ఆగుతూ కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. నా వైపు తలుపు తీయబోతే బయటి మంచుకి అది కదల్లేదు. తాడును పళ్ళతో పట్టుకుని రెండు చేతులా లాగాను.

అటునుంచి ఎంత బలంగా లాగారంటే అరచేతి చర్మం లేచిపోయింది. వెంటనే హారను మోత, పసుపు వెలుగు. మంచు బండి అన్నయ్యకి పది అడుగుల దూరంలో ఆగింది. తాడు వదులైనప్పుడు ఆయన నన్ను చూడాలని కారు వైపు వస్తున్నాడట. బండి మోత విని, దాన్ని ఆపడానికి ఆయన వెనక్కి తిరిగి లాంతరు ఊపుకుంటూ ఎదురెళ్ళి, కాలు జారి పడి, పడుకునే లాంతరు పైకెత్తాడని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆ డ్రైవరే మా ఇద్దర్నీ తన సీటు పక్కన ఎక్కించుకుని, ముందున్న మంచును చీల్చుకుంటూ ఆసుపత్రికి చేర్చాడు. నర్సు రక్తం పరీక్ష కాగితం చూసి, డాక్టరు కోసం పరిగెత్తింది.

మూడోరోజు నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో ఒనొదెరా ఉన్నాడు. మంచులో మోకాళ్ళ మీద కూచుని బోల్టులు విప్పుతున్నాడు. పక్కన సన్నటి చక్రాలు నాలుగు.

"తప్పు నాదే ఫుమియే అక్కా" అన్నాడు తలెత్తకుండా. వయసులో నాకన్నా పెద్దవాడు, ఎప్పుడూ అక్కా అని పిలిచినవాడు కాదు. "బరువైన చక్రం తిప్పడానికి ఇంజను ఎక్కువ తాగుతుంది. వెడల్పుది మంచును ఎక్కువ నెట్టాలి. మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. దారేమీ తగ్గదు. ఇదంతా తెలిసినవాణ్ణి, నోట్లోంచి ఒక్క మాట రాలేదు."

"నువ్వు చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే. లోపలికొచ్చి టీ తాగు" అన్నాడు అన్నయ్య. చలికి దెబ్బతిన్న చెవులకి కట్లు ఉండటంవల్ల ఆయన మామూలుకన్నా గట్టిగా మాట్లాడుతున్నాడు.

పెద్ద చక్రాలు నాచు ఆరబెట్టే వలల మీద బరువుకు పనికొచ్చాయి. పెట్రోలు ముల్లు ఆ వారమే బాగయింది. అది సగానికి దిగితే అన్నయ్యకి నిద్ర పట్టేది కాదు. ఆ తర్వాత తొమ్మిది చలికాలాలు నన్ను తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. ఒక్కసారి కూడా హాయిగా నడపలేదు.

పోయిన అక్టోబరులో, నాచు పనులన్నీ అయిపోయాక, ఒక ఉదయం ఆయన లేవలేదు.

ఇప్పుడు ఆసుపత్రి వ్యాను వచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. నవంబరులో మంచు టైర్లు వేశాక మొదటిరోజు డ్రైవరును అడిగాను: "మీటరు సున్నాకి తిప్పుతావా నాయనా?"

"ఎందుకమ్మమ్మా? ట్యాంకు నిండా ఉంది, ముల్లు చూడండి."

"ముల్లు సరేలే. తిప్పు."

తిప్పాడు. దారంతా నేను సముద్రం వైపు చూడలేదు. తాడు పట్టుకున్నట్టు చేతులు బిగించి ఆ అంకెలనే చూస్తూ కూచున్నాను. గేటు దగ్గర బండి ఆగింది. డెబ్బై. అప్పుడు పిడికిళ్ళు విప్పాను.